మా లాస్య ఒంట్లో తయారుకానిది

మా అమ్మాయి జబ్బు పేరు నేను ఇప్పటికీ తడబడకుండా చెప్పలేను. దాన్ని మొదట గుర్తించిన ముగ్గురు డాక్టర్ల పేర్లు వరసగా పేర్చి పెట్టారట. అందుకే ఎవరైనా అడిగితే, "దాని ఒంట్లో కొలెస్ట్రాల్ తయారుకాదండీ" అని ఊరుకుంటాను. విన్నవాళ్ళు చాలామంది "అయితే మంచిదేగా" అంటారు. మొదట్లో ఆ మాటకి ఏడుపొచ్చేది. కొన్నాళ్ళకి కోపమొచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు.

లాస్యకి మొన్న నాలుగేళ్ళు నిండాయి. గండాలన్నీ గడిచాయని అనను. కూర్చుని రాయగలిగేంత నిమ్మళం మాత్రం ఈ మధ్యే చిక్కింది. ఇది చదివి ఎవరూ తమ బిడ్డకి మందూ తిండీ మార్చొద్దు. నాకు తెలిసింది ఒక్క బిడ్డ సంగతే. కానీ ఏదో ఒక ఆసుపత్రి హాల్లో ఒక్కతే కూర్చుని, ఇలాంటిది నాకు తప్ప ఇంకెవరికీ వచ్చి ఉండదు అనుకుంటున్న తల్లి ఒకామె ఎక్కడో ఉండే ఉంటుంది. రాస్తున్నంతసేపూ నా మనసులో ఆమే ఉంది.

మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. మిర్చీ పత్తీ వేస్తాం. నాది మేనరికం పెళ్ళి. మా అమ్మకి సొంత అన్నయ్య కొడుకునే చేసుకున్నాను. చిన్నప్పుడు సెలవులకి ఏ ఇంటికి పరిగెత్తేదాన్నో ఆ ఇంటికే కాపురానికి వెళ్ళాను కాబట్టి కొత్త కోడలి బెరుకు నాకు తెలియదు. మామయ్యకి నేను కోడలినయ్యాక కూడా మేనకోడలినే. పెళ్ళికి ముందు నుంచీ ప్రత్తిపాడులో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. పదో తరగతికి ఏటా వంశపారంపర్యం పాఠం నాదే. బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, పొడుగు బఠానీ మొక్కకీ పొట్టి బఠానీ మొక్కకీ పుట్టే మొక్కల లెక్క చెప్పేదాన్ని. ఆ గళ్ళలో మనుషులు కూడా ఉంటారని పుస్తకంలో ఒక వాక్యం ఉండేది. దాన్ని చదివించేసి ముందుకి వెళ్ళిపోయేదాన్ని.

పెళ్ళైన రెండో ఏడు మామయ్యకి గుండెకి స్టెంటు వేశారు. అప్పటి నుంచి మా ఇంట్లో కొలెస్ట్రాల్ అనే మాటని దొంగ పేరు పలికినట్టు పలికేవాళ్ళం. డాక్టరు ఇచ్చిన తిండి కాగితాన్ని అత్తయ్య ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నెయ్యి ఆగిపోయింది. మాంసం తగ్గింది. గుడ్లు ఉడికించి పచ్చసొన తీసి కుక్కకి వేసేది, తెల్లది మాకు పెట్టేది. ఆయన ఒక్కడి ముందు వేరే తిండి తింటే ఆయన నోరు ఆగదని ఇంటిల్లిపాదికీ ఒకటే వంట. నేను కడుపుతో ఉన్నప్పుడు అత్తయ్య నాకు వేరే వండుతానంది. నేనే వద్దన్నాను. అదీ ఆరోగ్యమే కదా అత్తయ్యా అన్నాను. ఈ ముక్క ఎందుకు రాస్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఏడో నెల స్కానింగులో బిడ్డ చిన్నగా ఉందన్నారు. సెప్టెంబరు నెలలో గుంటూరులో ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఏడుపు పిల్లికూన అరిచినట్టు సన్నగా ఉంది. తల చిన్నది, కనురెప్పలు కాస్త వాలి ఉన్నాయి. నోట్లో అంగిలి మధ్యన చీలిక ఉంది. రెండు పాదాలకీ బొటనవేలి పక్కనున్న రెండు వేళ్ళు అంటుకుని ఉన్నాయి. బిడ్డని తుడుస్తున్న ఆయమ్మ నా మొహం చూసి, "వేళ్ళు కలిసి పుట్టినయ్యమ్మా, అన్నీ కలిసొస్తయ్" అంది. ఆమె ఆ మాట నమ్మి అందో, నా కోసమే అందో తెలియదు. ఆ రోజు నాతో మంచిమాట అన్నది ఆమె ఒక్కతే.

లాస్యకి పాలు పీల్చడం రాలేదు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి పాలు పోశారు. మూడు వారాలు అద్దాల గదిలో ఉంచారు. ఆ గది బయట స్టీలు కుర్చీల వరస ఒకటి ఉండేది. నేనక్కడ సుజాతని కాదు, టీచర్ని కాదు. నర్సు తలుపు తీసి "సుజాత బేబీ తాలూకు" అని పిలిస్తే లేచి, పిండిన పాల సీసా ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చునే మనిషిని. బావ నాలుగు రోజులు నా పక్కన ఉన్నాడు. అయిదో రోజు మిరప తోటలో నల్ల తామర పురుగు పడిందని ఫోనొచ్చింది. వెళ్ళకపోతే తోట మిగలదు. "రెండు రోజుల్లో వస్తా" అని వెళ్ళాడు. తప్పనిసరే. తప్పనిసరని తెలిసినా, లిఫ్టు తలుపు మూసుకునేదాకా ఆయన వీపు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆ కుర్చీల్లో నా పక్కన ఒకామె కూర్చునేది. ఆమెకి నెల తక్కువ బిడ్డ. ఒకరోజు నా జడ చూసి, ఏమీ అడగకుండా తన సంచిలోంచి దువ్వెన తీసి, వెనక్కి తిరగమంది. ఎన్ని రోజులైందో ఆ జుట్టు విప్పి. చిక్కులన్నీ ఓపిగ్గా తీసి అల్లింది. మర్నాడు ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. నర్సుని అడిగితే తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. ఆమె పేరు కూడా నేను అడిగి ఉండలేదు. జడ మూడు రోజులు విప్పలేదు.

ఆ వారంలోనే ఒక చిన్న డాక్టరు మా రిపోర్టులు తిరగేస్తూ పక్కనున్న ఆయనతో, "కొలెస్ట్రాల్ మరీ ఇంత తక్కువేంటి, ల్యాబు వాళ్ళు తప్పు చేసుంటారు" అన్నాడు. పెన్సిల్‌తో ఆ అంకె పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టాడు. మళ్ళీ పరీక్ష చేయించాలన్నాడు గానీ ఎవరూ చేయించలేదు. బిడ్డకి ఊపిరి సరిగ్గా అందించే తొందరలో వాళ్ళున్నారు. కానీ ఆ మాట నా చెవిన పడింది. ఫ్రిజ్ తలుపు మీది కాగితం కళ్ళ ముందు కదిలింది. తొమ్మిది నెలలూ నేను తిన్న తెల్ల గుడ్లు గుర్తొచ్చాయి. నా ఒంట్లో లేనిది నా బిడ్డకి ఎక్కడి నుంచి వస్తుంది? సైన్సు చదువుకున్న మనిషిని, అంతకంటే ముందుకి ఆలోచించలేకపోయాను. ఆ క్షణం నుంచి అది నా చేతులారా జరిగిందనే నమ్మాను. ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరులో పత్తి తీతలు మొదలయ్యే వేళకి ఇంటికి పంపారు. ఏదో సిండ్రోమ్ అయ్యుండొచ్చు, ఎదిగేకొద్దీ చూద్దాం అన్నారు. గొట్టంతో పాలు ఎలా పోయాలో నేర్పారు. ముందు సూదిలేని సిరంజితో కొద్దిగా వెనక్కి లాగి, గొట్టం కడుపులోనే ఉందని చూసుకోవాలి. తర్వాత సిరంజిని ఎత్తి పట్టుకుంటే పాలు వాటంతట అవే దిగాలి. తోస్తే కక్కుతుంది. రెండు గంటలకోసారి పోయాలి, ఒక్కోసారి అరగంట పట్టేది. గొట్టం చూసి భయపడి చుట్టాలెవరూ బిడ్డని ఎత్తుకునేవాళ్ళు కాదు. గుమ్మంలో నిలబడి చూసి, నోరు చప్పరించి వెళ్ళేవాళ్ళు. మెల్లగా రావడం కూడా మానేశారు.

మా అత్తయ్య నోరు పెద్దది. ఆవిడ మాట్లాడితే మూడో ఇంటికి వినపడుతుంది. అలాంటి మనిషి లాస్య పుట్టాక నాతో మాట్లాడటం తగ్గించింది. నా మొహం వైపు చూడటం మానేసింది. ఒకరోజు మధ్యాహ్నం నా కంచంలో రెండు ఉడికించిన గుడ్లు, పచ్చసొనతో సహా, పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. ఒక్క మాట లేదు. అప్పుడు తినని దానివి ఇప్పుడు తిను అన్నట్టు అనిపించింది నాకు. అంటే ఆవిడకీ తెలిసిపోయిందన్నమాట, నా వల్లే అని. గుడ్లలోది నా పాలలోకి కాస్తైనా చేరుతుందేమోనన్న ఆశతో నీళ్ళు తాగుతూ మింగేదాన్ని. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో అయిదు నెలలు మేమిద్దరం అలా మౌనంగా తిరిగాం.

మా అమ్మ తుళ్లూరు నుంచి వచ్చి పది రోజులు ఉండి, బిడ్డనీ నన్నూ తీసుకుపోతానంది. అత్తయ్య ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒకరినొకరు వదినా వదినా అనుకుంటూనే నా ముందు పోట్లాడుకున్నారు. నేను ఎటూ చెప్పలేదు. ఎక్కడికి వెళ్ళినా నేను చేసిన పని నాతోనే వస్తుంది కదా అనుకున్నాను.

అత్తయ్య రోజూ లాస్యకి నలుగు పెట్టి, స్నానం చేయించి, వాకిట్లో పొద్దుటెండలో పడుకోబెట్టేది. పసిపిల్లల్ని అలాగే పెంచాలని ఆవిడకి ఆవిడ అత్త నేర్పింది. పది నిమిషాలకల్లా బిడ్డ ఒళ్ళు కందిపోయి ఏడుపు లంకించుకునేది. మిర్చి ఘాటు తగిలిందనేవాళ్ళం. మా ఊళ్ళో ఎవరు తుమ్మినా, ఎవరి కళ్ళు మండినా కారణం అదే కాబట్టి ఇంకో కారణం వెతకలేదు.

జనవరి నెలాఖరుకి మిర్చి కోతలు ఊపందుకున్నాయి. పొద్దున్నే ఇంట్లో అందరూ తోటకి వెళ్ళిపోయేవాళ్ళు. వీధి మొత్తం ఖాళీ. ఒకరోజు ఆ ఖాళీని భరించలేక లాస్యని ఎత్తుకుని కళ్ళం దగ్గరికి నడిచాను. కాయలు ఎర్రగా నేల కనపడకుండా పరిచి ఉన్నాయి. కూలీలు మాట్లాడుకుంటూ రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. మనుషుల మాటలు వింటే చాలనిపించి ఒక గట్టు మీద కూర్చున్నాను. గంట కూడా కాలేదు. లాస్య మొహం, చేతులు ఎర్రబడి, చూస్తుండగానే పొక్కులు తేలాయి. కేకలు పెట్టి పెట్టి గొంతు పోయింది. ఇంటికి పరిగెత్తాను. ప్రత్తిపాడులో డాక్టరు మిర్చి ఎలర్జీ అని పూతమందు రాశాడు. ఆ రెండు రోజులూ కక్కిన పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయో ఏమో, మూడో రోజు జ్వరం, ఆయాసం. మళ్ళీ గుంటూరు. మళ్ళీ స్టీలు కుర్చీలు, ఈసారి వేరే ఆసుపత్రివి.

అక్కడికి వారానికోసారి పుట్టుకతో వచ్చే జబ్బుల డాక్టరమ్మ ఒకావిడ వచ్చేది. నడివయసు, గొంతు ఎత్తని మనిషి. లాస్య పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

"ఎండలోకి తీసుకెళ్తే ఏమవుతుందమ్మా?"

చెప్పాను. ఆవిడ రాసుకోవడం ఆపి, పాత కాగితాలన్నీ ఇమ్మంది. ఒక్కొక్కటీ తిరగేస్తూ ఆ పెన్సిల్ ప్రశ్న గుర్తు దగ్గర ఆగింది. ల్యాబు తప్పు చేయలేదు అని మెల్లగా తనలో తాను అనుకున్నట్టు అంది. రక్తం తీసి వేరే ఊరికి పంపారు. ఫలితం రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల గురించి రాయడానికి నాకేమీ గుర్తులేదు. జ్వరం తగ్గి ఇంటికొచ్చామని, కిటికీలకి దుప్పట్లు కట్టామని మాత్రం తెలుసు.

ఫలితం చెప్పే రోజు లాస్యని దుప్పటిలో చుట్టుకుని నలుగురం వెళ్ళాం. బావ, నేను, అత్తయ్య, మామయ్య. గదిలో మూడే కుర్చీలుంటే బావ నిలబడ్డాడు. డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పి, బిడ్డ ఒళ్ళు కొలెస్ట్రాల్‌ని సరిగ్గా తయారు చేసుకోలేదని చెప్పింది. నేను అయిదు నెలలుగా లోపల దాచుకున్న ప్రశ్న అడగడానికి నోరు తెరిచాను. అంతలో నా పక్క నుంచి అత్తయ్య గొంతు వచ్చింది. ఎప్పుడూ విననంత చిన్న గొంతు.

"నేను పెట్టకపోబట్టేనా అమ్మా? కడుపుతో ఉన్న పిల్లకి పచ్చసొన తీసేసి పెట్టాను. నేను చేసిన పాపమేనా?"

ఆవిడ వైపు తిరిగాను. ఒళ్ళో చేతులు రెండూ గట్టిగా పట్టుకుని ఉంది. నా కంచంలో రోజూ గుడ్లు ఎందుకు పెట్టిందో, నా మొహం ఎందుకు చూడలేకపోయిందో అప్పుడు తెలిసింది. నాతో పాటు ఆవిడ కూడా అదే మోస్తోంది. ఒక్క మాట అడిగి ఉంటే ఇద్దరిలో ఒకరికైనా కాస్త బరువు తగ్గేది.

"కాదమ్మా, మీరు పెట్టకపోవడం వల్ల కాదు" అంది డాక్టరమ్మ. "ఆమె రోజుకి పది గుడ్లు తిన్నా ఈ పాప ఇలాగే పుట్టేది."

తర్వాత తీరిగ్గా వివరంగా చెప్పింది. ఆవిడ మాటలు నాకు అర్థమైనంతవరకూ రాస్తాను. మనం కొలెస్ట్రాల్ అంటే గుండెకి చెడుపు అనుకుంటాం. కానీ కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు అది లేకపోతే పని జరగదు. ప్రతి కణానికీ చుట్టూ ఉండే పొరలో అది ఉండాలి. అంతేకాదు, బిడ్డ ఒంట్లో ఏ భాగం ఎక్కడ ఎలా రావాలో చెప్పే కబురు ఒకటి కణం నుంచి కణానికి వెళ్తుంది. మొహం రెండు వైపుల నుంచి వచ్చి మధ్యలో కలవాలని, చేతివేళ్ళు, కాలివేళ్ళు ఇక్కడ విడిపోవాలని, మెదడు రెండు భాగాలు కావాలని. ఆ కబురుకి కొలెస్ట్రాల్ అంటుకుంటేనే అది సరిగ్గా చేరుతుంది. తల్లి నుంచి కొంత అందుతుంది గానీ చాలదు. కొన్ని వారాలు గడిచేసరికి బిడ్డ తనకి కావలసింది తనే చేసుకోవాలి. మెదడైతే మరీనూ. రక్తంలో ఉన్నదాన్ని తీసుకోదు, తనది తనే తయారు చేసుకుంటుంది. లాస్య ఒంట్లో ఆ తయారీలో ఆఖరి మెట్టు దగ్గర పని ఆగిపోతోంది. అక్కడ పేరుకుపోయిన పదార్థమే ఎండ తగిలితే ఒంటిని కాలుస్తోంది.

ఆవిడ కాగితం తీసుకుని నాలుగు గళ్ళు గీసింది. నేను ఏటా బోర్డు మీద గీసేవే. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఆ పని చేయించే జన్యువుది ఒక్కో చెడ్డ ప్రతి ఉండి, ఆ రెండూ బిడ్డకే వస్తే జబ్బు. ఒక్కటే ఉంటే ఏమీ తెలియదు. నాకూ బావకీ ఒక్కో ప్రతి ఉంది. ఆవిడ వేలు మూడు గళ్ళు దాటి నాలుగో గడి దగ్గర ఆగేలోపే నాకు అర్థమైంది.

"అది మాలో ఎవరి వైపు నుంచి వచ్చినట్టండి?" అని మామయ్య అడిగాడు. మేనరికం కాబట్టి ఆయనకీ, ఆయన చెల్లెలైన మా అమ్మకీ వాళ్ళ తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఇది ఎవరి తప్పూ కాదని, ఎవరికీ ముందు తెలిసే వీలు లేదని కూడా చెప్పింది. మామయ్య తల ఊపాడు. ముందుకి వంగి అడిగాడు.

"నాకు అది ఎక్కువుందండి. తగ్గడానికి రోజూ బిళ్ళ మింగుతున్నా. నా రక్తం తీసి దానికి ఎక్కించే మార్గం ఏమన్నా ఉందా అండి?"

డాక్టరమ్మ నవ్వలేదు. ఆయన కళ్ళలోకి చూసి, "లేదండి. ఉంటే మీ దగ్గరే తీసుకునేదాన్ని" అంది. ఒంటికి కావలసింది తిండి ద్వారా కొంత ఇవ్వొచ్చని, గుడ్డు పచ్చసొన ఉడికించి మెత్తగా చేసి పాలలో కలిపి, ఎంత ఇవ్వాలో తను రాసిస్తానని చెప్పింది. దానివల్ల బరువు పెరుగుతుంది, ఎండ బాధ కాస్త తగ్గుతుంది. కానీ కడుపులో ఉన్నప్పుడు జరగవలసింది జరగలేదు, దాన్ని ఇప్పుడు తిరిగి కట్టలేం, మెదడు లోపలికి ఇది చేరదు అని కూడా దాచకుండా చెప్పింది. తన సర్వీసులో ఇలాంటి బిడ్డని ఇంతకు ముందు ఒక్కరినే చూశానంది. ఆ బిడ్డ ఎలా ఉంది అని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

తిరిగొస్తుంటే కారులో అత్తయ్య నా ఒళ్ళోంచి లాస్యని తీసుకుంది. నలుగుకీ స్నానానికీ తప్ప, గొట్టం వేశాక ఆవిడ ఆ బిడ్డని గుండెకి హత్తుకోవడం అదే మొదలు. "పాలు పొయ్యడం నాకూ నేర్పు" అంది. ఆ సాయంత్రమే నేర్పాను.

మా ఇద్దరి బరువూ దిగిందనుకుంటే, అది మామయ్య మీదికి వెళ్ళింది. మా అమ్మతో ఫోనులో మాట్లాడటం మానేశాడు. నాతో కూడా. ఒకరోజు వరండాలో నేను సిరంజి కడుగుతుంటే వచ్చి నిలబడ్డాడు. "ఈ సంబంధం కావాలని పట్టుబట్టింది నేనేనే. మీ అమ్మకి పెద్ద ఇష్టం లేదు. పిల్ల పరాయి ఇంటికి పోకూడదని నేనే..." అని ఆపేశాడు. నేను ఏదో ఒకటి అనాలి. మీ తప్పేముంది మామయ్యా అంటే చాలు. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది కదా. కానీ నా నోరు రాలేదు. సిరంజి కడుగుతూనే ఉన్నాను. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. రెండు నెలలు నేను ఆ మాట అనలేదు. అది మాత్రం నా తప్పే, ఏ గడిలోనూ లేని తప్పు.

ఆ వేసవి మా ఇల్లు చీకటి ఇల్లు. కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుతురు కూడా లాస్య ఒంటికి పడదు. మామయ్య గుంటూరు వెళ్ళి మందపాటి నల్లగుడ్డ తెచ్చి, కిటికీ కిటికీకీ కొలత తీసి, మేకులు కొట్టి పరదాలు బిగించాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. రోజంతా స్టూలు ఎక్కి దిగుతూ చేశాడు, గుండెకి స్టెంటు ఉన్న మనిషి. ఆఖరి పరదా కట్టి దిగుతుంటే ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మామయ్యా, మీరు అడక్కపోయినా నేను ఈ ఇంటికే వచ్చేదాన్ని" అన్నాను. నిజమే అది. ఆయన మొహం తుడుచుకుని, "మంచినీళ్ళు తేమ్మా" అన్నాడు. నీళ్ళు తాగాక చాలా రోజుల తర్వాత మా అమ్మకి ఫోను చేశాడు.

అయినా ఆ ఏడాదంతా నేను ఒంటరిదాన్నే. ఇంట్లో అందరూ మంచివాళ్ళే. కానీ బయట ఎండలో పని ఉంటుంది, వాళ్ళు బయటికి వెళ్ళాలి. పరదాల వెనక లాస్యా నేనూ. స్కూల్లో నా చోట వేరే టీచరు వచ్చింది. పిల్లలు మొదట్లో ఫోను చేసేవాళ్ళు, పరీక్షలయ్యాక మానేశారు. ఇలాంటి బిడ్డల తల్లులెవరైనా దొరుకుతారేమోనని ఫోనులో వెతికేదాన్ని. దొరికినవాళ్ళంతా వేరే దేశాల వాళ్ళు. వాళ్ళ ఫొటోలు చూసేదాన్ని, వాళ్ళ బిడ్డల పాదాలు పెద్దవి చేసి చూసేదాన్ని. ఒకామెకి నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. జవాబు మర్యాదగా, ప్రేమగానే వచ్చింది. కానీ మా అత్తయ్య నలుగు పెట్టడం గురించీ, కళ్ళం గురించీ ఆమెకి ఎలా చెప్పాలో తెలియక మళ్ళీ రాయలేదు.

బావ సంగతి కూడా చెప్పాలి. ఆయన ఏడవడం నేను చూడలేదు. తోట నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దుకుని, కారం వాసన పోయిందో లేదో నా చేత చూపించుకుని, అప్పుడు లాస్య దగ్గరికి వెళ్ళేవాడు. ఒకరోజు అడిగాను, నీకు భయమెయ్యదా బావా అని. "నాకు తోటలో భయమేస్తది. ఇంటికొచ్చినాక ఎయ్యదు" అన్నాడు. నాకు దానికి సరిగ్గా వ్యతిరేకమని ఆయనకి చెప్పలేదు.

ఏడాదిన్నర వయసులో లాస్య అంగిలికి ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత మెల్లమెల్లగా చెంచాతో తినడం వచ్చి గొట్టం తీసేశారు. తీసిన రోజు దాని మొహం బోసిగా, ఎవరి బిడ్డో అన్నట్టు కనిపించింది. అలవాటుకొద్దీ నా చెయ్యి రెండు గంటలకోసారి సిరంజి కోసం వెళ్ళేది. రెండున్నరేళ్ళకి కూర్చుంది. ఇప్పుడు మంచం పట్టె పట్టుకుని నాలుగు అడుగులు వేస్తుంది. మాటలు మూడు వచ్చు. అందులో ఒకటి మాకెవరికీ అర్థం కాదు, కానీ చాలా నమ్మకంగా అంటుంది. కోపమొస్తే తన చెయ్యి తనే కొరుక్కుంటుంది, అప్పుడు గట్టిగా పట్టుకుని కూర్చోవాలి. పొద్దు గుంకాక వాకిట్లోకి తీసుకొస్తాం. ఎప్పటికైనా బడికి వెళ్తుందా అంటే తెలియదు. ఇంకో బిడ్డ మాట ఊళ్ళో అందరూ అడుగుతారు. కడుపులో ఉండగానే ఈ జబ్బు ఉందో లేదో పరీక్ష చేయొచ్చని డాక్టరమ్మ చెప్పింది. మేమింకా ఏ నిర్ణయానికీ రాలేదు. అడిగినవాళ్ళకి అదే చెప్తాను.

ఈ ఏడాది పత్తి తీతల మధ్యలో డాక్టరమ్మ ఫోను చేసింది. చీరాల నుంచి ఒకామె వచ్చిందని, రెండు నెలల బిడ్డకి ఇదే జబ్బని ఆ ఉదయమే చెప్పానని, నీ సంగతి చెప్పొచ్చా అని అడిగింది. చెప్పండి అన్నాను. ఫోను పెట్టేశాక నేనే మళ్ళీ చేసి, వాళ్ళు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారా అని అడిగాను. లాస్యని అత్తయ్యకి అప్పగించి గుంటూరు బస్సెక్కాను. లాస్య పుట్టాక నేను ఒంటరిగా ఎక్కిన మొదటి బస్సు.

ఆమె పేరు ఉమ. మగ్గం నేసే ఇల్లు. పాతికేళ్ళు కూడా ఉండవు. స్టీలు కుర్చీల వరసలో చివరిది వెతుక్కుని కూర్చుంది, గొట్టం ఉన్న బిడ్డ ఒళ్ళో. భర్త మందుల కోసం ఊళ్ళోకి వెళ్ళాడంది. వాళ్ళది మేనరికం కూడా కాదు, ఏ చుట్టరికమూ లేదు. అయినా జబ్బు వచ్చింది. నేను పక్కన కూర్చుని, ఎవరినో చెప్పాను. లోపలి నుంచి ఇద్దరు ముగ్గురి పేర్లు పిలిచారు. ఆ తర్వాత ఆమె నా వైపు తిరగకుండానే అడిగింది.

"మీ పాప మిమ్మల్ని గుర్తుపడుతుందా అక్కా?"

నడుస్తుందా, మాట్లాడుతుందా అని అడుగుతుందనుకున్నాను. వాటికి జవాబులు బస్సులో సర్దుకుని వచ్చాను. దీనికి సర్దుకోలేదు.

"పడుతుంది" అన్నాను. "నేను మంచి చీర కడితే ఎక్కడికో పోతున్నానని తెలుసు దానికి. ఇవాళ కొంగు పట్టుకుని వదల్లేదు. మా అత్తయ్య వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి తీసింది."

ఉమ తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను ఊరుకోమనలేదు. కాస్త తేరుకున్నాక పైట చెంగుతో మొహం తుడుచుకుని, సిగ్గుపడుతున్నట్టు అంది:

"పొద్దున్నుంచి ఏమీ తినలేదక్కా. గొట్టముందని ఎవరూ ఎత్తుకోవడం లేదు. ఒక్క పది నిమిషాలు..."

చేతులు చాపాను. బిడ్డని తల కాస్త ఎత్తుగా ఉండేలా మోచేతి మీదికి తీసుకుని, గొట్టం లాగకుండా చెంపకి ఆనించి పట్టుకున్నాను. నా చేతులకి అదేమీ కొత్త కాదు. ఉమ లేచి నిలబడి, వెళ్ళాలా వద్దా అన్నట్టు చూసింది.

"కింద క్యాంటీన్లో భోజనం బాగానే ఉంటుంది" అన్నాను. "పది నిమిషాలెందుకు, నిదానంగా కడుపునిండా తినిరా. నేనెక్కడికీ పోను."